కార్డినల్ టెట్రాలు: బోరు నీళ్లలో బాదం ఆకులు వేసినా పీహెచ్ దిగడం లేదు, ఏం చేయాలి?

మూడడుగుల_ట్యాంక్:

నమస్తే అండి. ట్యాంక్ 36×15×15 అంగుళాలు, నీళ్లు 12 అంగుళాల ఎత్తు వరకు పోస్తున్నాను. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్, బోరు నీళ్లు. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) 720, పీహెచ్ (ఆమ్లత కొలత, 7 కింద ఆమ్లం) 7.8. బిల్డింగ్ సాఫ్ట్‌నర్ నుంచి వచ్చే నీళ్లు కూడా కొలిచాను, అవీ 700 పైనే చూపిస్తున్నాయి. కార్డినల్ టెట్రాలు (నీలం, ఎర్ర చారల చిన్న చేపలు) 25 దాకా పెట్టి, వాటి సొంత నది రియో నీగ్రో పోలికలో బ్లాక్‌వాటర్ (ఆకులు ఊరి నల్లబడిన ఆమ్లపు నీళ్ల) ట్యాంక్ చేయాలని ఉంది. ప్రస్తుతం 8 ఉన్నాయి.

పది ఎండు బాదం ఆకులు వేశాక నీళ్లు డికాషన్ రంగుకు వచ్చాయి గానీ పీహెచ్ మాత్రం 7.8 దగ్గరే కూర్చుంది. పీహెచ్ డౌన్ మందు వేస్తే 6.8కి దిగి, పొద్దున్నకల్లా మళ్లీ 7.6. అడుగున తెల్ల రాళ్లు పరిచాను. చేపలు గుంపుగా తిరగవు, తలో మూలా ఉంటున్నాయి. అర్ధరాత్రి లైటు వేస్తే రంగు పోయి పాలిపోయి కనిపిస్తున్నాయి. ఇది జబ్బా? ఆకులు ఇంకా వేయాలా?

ముంపు_అడవి:

ఆకులు ఇంకో వంద వేసినా అంతే. ముందు ఆ నది సంగతి తెలిస్తే మిగతావి వాటంతట అవే అర్థమవుతాయి.

కార్డినల్ ఉండేది బ్రెజిల్‌లోని రియో నీగ్రోలో, కొలంబియా, వెనిజులా వైపు ఒరినోకో ఎగువ నదుల్లో. (నియాన్ టెట్రా వేరు. దానిది పెరూ, కొలంబియా, పశ్చిమ బ్రెజిల్ వైపు అమెజాన్ ఎగువ భాగం. నియాన్‌కి ఎర్ర చార నడుము నుంచి తోక దాకానే ఉంటుంది, కార్డినల్‌కి దాదాపు తల నుంచి తోక దాకా.) రియో నీగ్రో పరీవాహకంలో చాలా భాగం కడిగేసినట్టున్న తెల్ల ఇసుక నేల. అందులో సున్నం లేదు, కరగడానికి ఖనిజాలూ పెద్దగా లేవు. రాలిన ఆకులు కుళ్లి వచ్చే హ్యూమిక్, ఫల్విక్ ఆమ్లాలను బంకమట్టి అయితే పట్టి ఉంచుతుంది, ఇసుక ఉంచలేదు. అవి నేరుగా వాగుల్లోకి దిగుతాయి. అందుకే నీళ్లు నల్ల టీలా ఉంటాయి, పీహెచ్ చాలాచోట్ల 4కీ 5కీ మధ్య ఉంటుంది. మన టీడీఎస్ మీటర్ ముంచితే పది లోపే చూపిస్తుంది. మీ బోరు 720. తేడా రంగులో లేదండి, ఇక్కడుంది. ఆ నది ప్రత్యేకత అందులో ఉన్నదాని కంటే లేనిదానిలో ఎక్కువ. మీ ట్యాంకులో రంగు వచ్చింది, సున్నం పోలేదు.

ఇక చేప నదిలో ఎక్కడుంటుంది? నడి నదిలో కాదు. అక్కడివాళ్లు ఇగరాపే అనే సన్నటి అడవి వాగుల్లో (టుపి భాషలో పడవ దారి అని అర్థం), ఇగాపో అనే ముంపు అడవిలో ఉంటుంది. ఆ నది ఒడ్డున ఉన్న మనౌస్ నగరం దగ్గర నీటిమట్టం ఏటా దాదాపు 10 మీటర్లు పెరిగి తగ్గుతుంది. వరదకు నది అడవిలోకి ఎక్కి చెట్ల మధ్య నెలల తరబడి నిలుస్తుంది. చేపలు దానితోపాటు అడవిలోకి వెళ్లి, అక్కడే మేసి, గుడ్లు పెట్టి, నీళ్లు తీసినప్పుడు వాగుల్లోకి తిరిగొస్తాయి. నీరు దాదాపు కదలదు, పైన చెట్ల నీడ. అడుగున ఇసుక మీద ఆకుల పరుపు, దాని మధ్య మునిగిన కొమ్మలు, వేర్లు. నీటిమొక్కలు చాలా తక్కువ, కాబట్టి కార్పెట్ మొక్కలు పెట్టి "నేచురల్" అనుకోవద్దు. తిండి అంతా ఆ ఆకుల మధ్యే. ఆకు మీద బూజు, బూజును తినే కంటికి ఆనని క్రస్టేషియన్లు (రొయ్యల తరహా జీవులు), పురుగుల లార్వాలు. చేప రోజంతా పొడుచుకు తింటూ తిరుగుతుంది.

ఆ వేట మీద బతికే జనం కూడా ఉన్నారు. మనౌస్‌కి 400 కిలోమీటర్లు ఎగువన బార్సెలోస్ అనే ఊరు, అక్కడ అలంకార చేపలు పట్టేవాళ్లను పియబేరోలు అంటారు. రాపిషే అనే చేతి వలతో, కాకురి అనే బోనుతో పడతారు. అడవిలో చేప చాలావరకు ఏడాదికి మించి బతకదు. నీళ్లు తీసినప్పుడు గుంటల్లో చిక్కుకుని ఎండిపోయేవే ఎక్కువ. అందుకే పట్టి అమ్మడం వల్ల జాతికి నష్టం తక్కువ, పైగా ఆ ఊళ్లకు అడవిని కొట్టకుండా ఉండటానికి అదొక కారణం అని ప్రాజెక్ట్ పియాబా (ఆ చేపల వేటకు అండగా పనిచేసే సంస్థ) వాళ్ల వాదన. నాకు అది సబబుగానే అనిపిస్తుంది. బాగా చూసుకుంటే అదే చేప ట్యాంకులో నాలుగైదేళ్లు ఉంటుంది.

గుంపు విషయం: తలో మూలా ఉండటం జబ్బు కాదు. చేపలు ఒకదానికొకటి అంటుకుని ఒకే దిశకు దూసుకుపోతున్నాయంటే భయపడ్డాయని. నిమ్మళంగా ఉన్న గుంపు చెదిరి మేస్తుంది, నీడ పడితే దగ్గరికి చేరుతుంది. మీ దగ్గరున్నవి ఎనిమిదే, అడుగు తెల్లగా మెరుస్తోంది, కాబట్టి మూలలు పట్టడంలో భయం కూడా కలిసి ఉండొచ్చు. 20 దాటాక, అడుగున ఆకులు, పైన నీడ వచ్చాక మళ్లీ చూడండి.

రాత్రి పాలిపోవడం మామూలే. ఆ నీలం రంగు పూత కాదు, చర్మ కణాల్లోని గ్వానిన్ అనే పదార్థపు సన్నటి పలకలు వెలుతురును తిప్పి కొట్టడం వల్ల వచ్చే మెరుపు. చీకట్లో ఆ పలకల అమరిక మారి మెరుపు తగ్గుతుంది. లైటు వేశాక కాసేపట్లో తిరిగి రావాలి. పట్టపగలు కూడా పాలిపోయి, వీపు కండలో తెల్లమచ్చ ఉంటే అప్పుడు భయపడాలి.

పేరు గురించి ఒక ముచ్చట. ఈ చేపకు 1956 ఫిబ్రవరిలో రెండు వేర్వేరు శాస్త్రీయ నామాలు ఒక్క రోజు తేడాతో అచ్చయ్యాయి. రోజు ముందు వచ్చిన ఆక్సెల్‌రోడి పేరే ఈనాటికీ నిలిచింది.

చుక్కల_లెక్క:

పై సమాధానానికి కొనసాగింపుగా నీళ్ల లెక్క.

పీహెచ్ దిగకపోవడానికి కారణం కేహెచ్, అంటే నీటిలోని బైకార్బొనేట్. బాదం ఆకుల టానిన్ బలహీనమైన ఆమ్లం, బైకార్బొనేట్ దాన్ని మింగేస్తుంది. పీహెచ్ డౌన్ కూడా అంతే, కాస్త బైకార్బొనేట్‌ను ఖర్చు చేస్తుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోగానే పీహెచ్ పైకి లేస్తుంది. రోజూ అలా పైకీ కిందికీ ఊపడం 7.8లో నిలకడగా ఉంచడం కన్నా చెరుపు. నిమ్మరసం, వెనిగర్, చింతపండు పోసేవాళ్లూ ఉన్నారు, ఆ పని చేయొద్దు. పీహెచ్ మళ్లీ లేస్తుంది, పోసింది బాక్టీరియాకు మేత అయ్యి నీళ్లు పాలలా మారి ఆక్సిజన్ పడిపోతుంది. పటిక అసలే వద్దు, ఆమ్లపు మెత్తటి (ఖనిజాలు తక్కువున్న) నీళ్లలో అల్యూమినియం మొప్పలకు విషం.

సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసి వాటి బదులు సోడియం పెడుతుంది. జీహెచ్ (కాల్షియం, మెగ్నీషియం కొలత) తగ్గుతుంది గానీ టీడీఎస్ తగ్గదు, కేహెచ్ కదలదు. అందుకే 700. మన పనికి అది రాదు.

దారి ఆర్‌ఓ నీళ్లే. ఇంట్లో తాగే ఆర్‌ఓ అయితే ఒక జాగ్రత్త. చాలా మెషీన్లలో టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది, అది పచ్చి బోరు నీళ్లను కొంచెం కలుపుతుంది, కొన్నింటిలో మినరల్ కాట్రిడ్జ్ కూడా ఉంటుంది. మెంబ్రేన్ దాటగానే, ఈ రెండిటికీ ముందు టీ జాయింట్ (పైపును రెండు దారులు చేసే ముక్క) పెట్టించి నీళ్లు తీసుకోండి. అక్కడ 30 దగ్గర వస్తే బాగున్నట్టు, 80 వస్తే మెంబ్రేన్ అరిగినట్టు.

కలిపే లెక్క: కావలసిన టీడీఎస్ లోంచి ఆర్‌ఓ టీడీఎస్ తీసేయండి. దాన్ని బోరుకూ ఆర్‌ఓకూ ఉన్న తేడాతో భాగించండి. 100 కావాలంటే (100−30)÷(720−30), అంటే సుమారు 0.1. ఇరవై లీటర్ల బకెట్‌కు 18 ఆర్‌ఓ, 2 బోరు. గుడ్లు పెట్టించే ఉద్దేశం లేకపోతే 80 నుంచి 120 మధ్య చాలు, నదిలోని పదిని వెంటాడకండి.

మీ ట్యాంకులో 12 అంగుళాల ఎత్తుకు 106 లీటర్లు పడతాయి, ఇసుక, కర్ర పోగా 95 అనుకోండి. ఒక్కసారిగా మార్చొద్దు. 720లో అలవాటైన చేపను 100లో పడేస్తే లోపలి ఉప్పుకీ బయటి నీటికీ ఉన్న తేడా వల్ల ఒంట్లోకి నీరు తోసుకొస్తుంది, మూత్రపిండాలు ఆ వేగానికి సర్దుకోలేవు. రెండు రోజులకోసారి 12 లీటర్లు తీసి, అచ్చం ఆర్‌ఓ పోయండి. ఒక్కో విడతకు టీడీఎస్ ఎనిమిదో వంతు దాకా తగ్గుతుంది. 120కి రావడానికి నెల దాకా పడుతుంది. తొందరేం లేదు.

తెల్ల రాళ్లు తీసేయండి, ఈ నెల రోజుల ఆర్‌ఓ పని మొదలుపెట్టక ముందే. షాపుల్లో అమ్మేవి చాలావరకు పాలరాతి ముక్కలు. ఆమ్లపు నీళ్లలో అవి కరుగుతూ మీరు తీసిన సున్నాన్ని రోజూ తిరిగి పోస్తుంటాయి. ఒక రాయి మీద వెనిగర్ చుక్క వేసి నురగ చూడండి. నురగ కనబడకపోయినా నమ్మకండి, రాయిని గీకి పొడి మీద వేయండి. వాటి బదులు సన్నటి నది ఇసుకను నీళ్లు తేటపడే దాకా కడిగి, 2–3 సెంటీమీటర్ల మందాన వేయండి. దానికీ అదే పరీక్ష. సముద్రపు ఇసుకలో గవ్వల ముక్కలుంటాయి, పనికిరాదు.

వానాకాలంలో వాన నీళ్లు ఆర్‌ఓ కన్నా మేలు. మొదటి అరగంట వదిలేసి, తర్వాతి నీళ్లను శుభ్రమైన ప్లాస్టిక్ డ్రమ్ములో పట్టండి. రేకుల కప్పు మీంచి జారినవి వద్దు.

కొలిచేటప్పుడు కూడా ఒకటి గుర్తుపెట్టుకోండి. ఖనిజాలు లేని నీళ్లలో పీహెచ్ స్ట్రిప్ అబద్ధం చెబుతుంది, పెన్ను అంకె నిలవదు. కేహెచ్ చుక్కల కిట్, టీడీఎస్ మీటర్ నమ్మండి. కేహెచ్ కిట్‌లో 5 మి.లీ. బదులు 10 మి.లీ. తీసుకుంటే చుక్కకు అర డిగ్రీ పట్టుకోవచ్చు.

మూడడుగుల_ట్యాంక్:

చాలా థ్యాంక్స్ అండి. రాళ్ల మీద వెనిగర్ వేశాను, బుస్సుమని పొంగింది. కేహెచ్ సున్నాకు తెస్తే పీహెచ్ దానంతట అదే 5కి పోతుందా? ఆకులు ఎన్ని, ఎలా వేయాలి?

పాత_స్పాంజి:

సున్నాకు తేవద్దు. ట్యాంకు విషయంలో జనం దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే.

చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను ఖర్చు చేసే ఫిల్టర్ బాక్టీరియా పీహెచ్ 6 కిందికి వెళ్లాక మందగిస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. ఆమ్లపు నీళ్లలో అది దాదాపు అంతా అమ్మోనియం రూపంలో ఉంటుంది కాబట్టి చేపలకు తెలియదు. 28 డిగ్రీల దగ్గర పీహెచ్ 6లో విషపు అమ్మోనియా మొత్తంలో 0.07 శాతమే. అదే పీహెచ్ 8లో 6 శాతం దాటుతుంది, దాదాపు వంద రెట్లు. ఇప్పుడు "నీళ్లు మార్చి చాలా రోజులైంది" అని ఎవరో సగం ట్యాంకు బోరు నీళ్లు పోస్తారు. పీహెచ్ ఎగబాకుతుంది, పేరుకున్నదంతా గంటల్లో విషమవుతుంది. మర్నాడు చేపలన్నీ పోతే తప్పు బోరు నీళ్ల మీదకు నెడతారు. అసలు తప్పు ముందు వారాలది.

కాబట్టి:

కేహెచ్ 1 నుంచి 2 మధ్య ఉంచండి. పై లెక్కలో 10 శాతం బోరు కలపడం అందుకే పనికొస్తుంది. పీహెచ్ 6.5–7 మధ్య ఆగుతుంది, కార్డినల్‌కి అది హాయి. నీళ్లు వారానికి 10–15 శాతమే మార్చండి, ఎప్పుడూ అదే పాళ్లలో కలిపిన నీళ్లతో. అంటే మీకు వారానికి 15 లీటర్ల లోపే. కరెంటు పోయినా, ఆర్‌ఓ చెడిపోయినా పనికొచ్చేలా 20 లీటర్ల క్యాన్ ఒకటి కలిపి పెట్టుకోండి. బోరు బదులు మున్సిపల్ నీళ్లు కలిపితే క్లోరిన్ పోగొట్టాలి, పాళ్లు కూడా మళ్లీ లెక్కవేయాలి.

అమ్మోనియా టెస్ట్ 0.25 దాటితే మేత ఆపి, అదే కలిపిన నీళ్లు రోజుకు 10 శాతం మార్చండి. ఫిల్టర్‌కు పెద్ద స్పాంజి ఒకటి చాలు, పవర్ హెడ్ (నీళ్లను తోసే పంపు) వద్దు. నిలువ నీటి చేప అది, ప్రవాహానికి ఎదురీదడానికే ఒంట్లో శక్తి అంతా పోతుంది. స్పాంజిని కుళాయి కింద కడగకండి, తీసిన ట్యాంకు నీళ్లలో పిండండి.

ఆకుల సంగతి. చెట్టు నుంచి తానే రాలి, ఎర్రగోధుమ రంగుకు ఎండినవే తీసుకోండి. పచ్చివి కోసి ఎండబెడితే లోపలి రసం, చక్కెర నీళ్లను చెడగొడతాయి. రోడ్డు పక్కన పొగ పట్టినవి, మందు కొట్టిన తోటలోవి వద్దు. కడిగి, ఒక రోజు బకెట్‌లో నానబెట్టండి, లేదా వేడినీళ్లలో పది నిమిషాలు. లేకపోతే మునగకుండా వారం తేలుతుంటాయి. 20–25 లీటర్లకు ఒక మధ్యస్థ ఆకు, అంటే మీకు నాలుగు. తర్వాత వారానికి రెండు చొప్పున కలుపుతూ, అడుగులో మూడో వంతు కప్పే దాకా పోండి. ఒకేసారి ఇరవై వేస్తే మళ్లీ ఆ పాల నీళ్లే. మూడు నాలుగు వారాలకు ఆకు జల్లెడలా ఈనెలు తేలుతుంది, తీసేయకండి. చేపలకు అసలు మేత పుట్టేది అప్పుడే. బాగా మెత్తబడి స్పాంజికి అడ్డం పడుతున్నవే తీయండి.

మీరు ముందు వేసిన పది ఆకులూ వృథా కాలేదు, ఉండనివ్వండి, ఆ మొదటి నాలుగు మళ్లీ వేయక్కర్లేదు. కేహెచ్ తగ్గాక వాటి పని కూడా మొదలవుతుంది.

కర్రకు డ్రిఫ్ట్‌వుడ్ లేకపోతే బెరడు తీసి బాగా ఎండిన జామ కొమ్మలు పనికొస్తాయి. వేప, జిగురు కారే కొమ్మలు వద్దు. పైన నీడకు సాల్వీనియా అనే తేలే మొక్క సగం పరవండి. చెరువులోంచి గుర్రపు డెక్క తెచ్చి వేయకండి, దాంతో ఏమేం వస్తాయో చెప్పలేం.

కోస్తా_ఎండ:

ఎండాకాలం గురించి ఎవరూ ఎత్తలేదు. కార్డినల్ వెచ్చటి నీళ్ల చేపే, 25 నుంచి 29 డిగ్రీలు బాగుంటుంది. 32 దాటితే బాధ వేడి ఒక్కటే కాదు, ఆక్సిజన్ కూడా. నీళ్లలో 26 దగ్గర లీటరుకు 8.1 మిల్లీగ్రాములు పడితే 32 దగ్గర 7.3 మాత్రమే పడుతుంది. అదే సమయంలో చేపకూ, కుళ్లే ఆకులకూ ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. కాబట్టి ఏప్రిల్, మేలో కొత్త ఆకులు వేయడం ఆపండి, మేత తగ్గించండి, ఎయిర్ స్టోన్ అదనంగా పెట్టండి.

మూత తీసి నీటిమీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే 2–4 డిగ్రీలు దిగుతుంది. హైదరాబాద్ పొడి గాలికి ఇది భేషుగ్గా పనిచేస్తుంది, విజయవాడ, విశాఖ ఉక్కపోతలో అంతగా చేయదు, అక్కడ గదికి ఏసీ గానీ, ట్యాంకు నీళ్లను చల్లబరిచే చిల్లర్ గానీ కావాలి. ఫ్యాన్ పెడితే రోజుకు లీటరు, రెండు లీటర్లు ఆవిరవుతాయి. ఆ లోటు అచ్చం ఆర్‌ఓతోనే పూడ్చండి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు అక్కడే మిగులుతుంది. కలిపిన నీళ్లతో పూడిస్తే టీడీఎస్ తెలియకుండా పైకి పాకుతుంది. ఐస్ ముక్కలు పడేయొద్దు.

మిగతా 17 చేపలు తెచ్చేటప్పుడు: ముందు షాపు నీళ్ల టీడీఎస్ అడగండి, లేదా మీటర్ తీసుకెళ్లండి. వేరే డబ్బాలో (20–30 లీటర్లు చాలు, పాత స్పాంజి ఒకటి) అదే టీడీఎస్‌తో నీళ్లు పెట్టి అందులో దించండి, రెండు మూడు వారాలు ఉంచి, మెల్లగా మీ ట్యాంకు అంకెకు తెండి. సంచిలో గంట లోపు ఉన్న చేపలకు చుక్కచుక్కగా నీళ్లు కలపడం మంచిదే. రోజంతా ప్రయాణం చేసిన సంచి అయితే వద్దు. విప్పగానే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ లేస్తుంది, పైన పాత_స్పాంజి గారు చెప్పిన అమ్మోనియా కథే సంచిలో జరుగుతుంది. ఉష్ణోగ్రత సరిచేసి, వలతో చేపలను మాత్రం తీసి, అదే టీడీఎస్ ఉన్న నీళ్లలో వదలండి.

ఆ వారాల్లో చూడాల్సింది వీపు కండలో తెల్లబారిన మచ్చ, వంగిన వెన్ను, రాత్రిపూట ఒంటరిగా ఈత. అది నియాన్ టెట్రా డిసీజ్, ప్లైస్టోఫోరా అనే పరాన్నజీవి వల్ల వస్తుంది. మందు లేదు. కార్డినల్‌కి నియాన్ కన్నా తక్కువగా వస్తుంది గానీ రాదని కాదు. చచ్చిన చేపను మిగతావి పొడిచి తింటే పాకుతుంది, కాబట్టి వెంటనే తీసేయాలి. కొన్ని బాక్టీరియా జబ్బులు కూడా అచ్చం అలాగే కనిపిస్తాయి, వాటిలో నోటి దగ్గరో రెక్కల మీదో తెల్లపొర వస్తుంది, ఏ జబ్బన్నది రోజుల్లోనే తెలిసిపోతుంది.

మేత: నోరు చాలా చిన్నది. గుళికలను వేళ్ల మధ్య నలిపి వేయండి. అప్పుడే పొదిగిన ఆర్టీమియా, మొయినా (రెండూ కంటికి ఆనీ ఆనని రొయ్య తరహా జీవులు) దొరికితే వారానికి రెండు మూడు సార్లు. మురుగు కాలవ ట్యూబిఫెక్స్ పురుగులు వద్దు. ఏంజెల్ ఫిష్ కూడా అదే ప్రాంతపు చేపే కదా అని జత చేస్తారు. నదిలో కూడా అది వీటిని తినే చేపే. తోడుకు కోరిడోరాస్ (అడుగున తిరిగే చిన్న క్యాట్‌ఫిష్) ఆరు, అంతే చాలు.

పరిగె:

ఇదంతా చదివాక ఒక మాట. ఆర్‌ఓ పెట్టి వారం వారం కలుపుకునే ఓపిక లేకపోతే చేపనే మార్చండి, అందులో సిగ్గుపడేదేం లేదు. జీబ్రా డానియో గంగ, బ్రహ్మపుత్ర పరీవాహకాల్లోని నెమ్మది వాగులది, వరిమళ్లది. గట్టి నీళ్లు, చలి, ఎండ అన్నీ ఓర్చుకుంటుంది, గుంపుగానూ తిరుగుతుంది. 3 అడుగుల ట్యాంకులో 20 వేస్తే కళ్లు తిప్పుకోలేరు. 720 టీడీఎస్ దానికైనా ఎక్కువే, సగం ఆర్‌ఓ కలపండి. కాకపోతే దానికి బాదం ఆకుల చీకటి వద్దు, వెలుతురు, పొడవైన ఖాళీ కావాలి, పైన మూత తప్పనిసరి. ఎగిరి బయట పడుతుంది.

చుక్కల_లెక్క:

పరిగె గారితో ఏకీభవిస్తాను. కానీ ఇప్పటికే ఉన్న ఆ ఎనిమిదింటిని ఏం చేస్తారన్నది చూడాలి. వాటిని 720లోనే వదిలేయడం కుదరదు కదా. @మూడడుగుల_ట్యాంక్, రాళ్లు తీసేటప్పుడు ఒకేరోజు మొత్తం ఎత్తకండి. ఫిల్టర్ బాక్టీరియాలో కొంత వాటి మీద కూడా ఉంటుంది. మూడు విడతలుగా, వారం గ్యాప్‌తో తీయండి, ఆ మూడు వారాలూ అమ్మోనియా చూస్తూ ఉండండి. ఆర్‌ఓ పోయడం ఆఖరి విడత రాళ్లు బయటికి వచ్చాక మొదలుపెట్టండి.

మూడడుగుల_ట్యాంక్:

సరేనండి. మొదటి విడత రాళ్లు ఈ ఆదివారం తీస్తాను. టీ జాయింట్ పెట్టడానికి ఆర్‌ఓ మెకానిక్‌కి ఫోన్ చేశాను. కేహెచ్ కిట్ వచ్చాక అంకెలు ఇక్కడే పెడతాను.